మా తాత ముఖం, నా నడుము

ఫోటోకు నిలబడటంలో ఏముందండీ, రెండు కాళ్ళూ నేలకు ఆనించి కెమెరా వైపు చూస్తే అయిపోయె అనుకునే అమాయకులు మీలో ఎవరైనా ఉంటే ఒక్క నిమిషం ఆగండి. నాకు ఊరికే నిలబడే పని ఒక్కటే అప్పజెప్పారు. మాట్లాడే పని లేదు, నవ్వే పని లేదు, ఆఖరికి నా ముఖంతో కూడా వాళ్ళకు పనిలేదు. మెడ కింది నుంచి పాదాల దాకా నిలబడితే చాలురా నాయనా అన్నారు. ఆ కాస్త పనీ చేయబోయి, బీదరులో పేరున్న ఒక పెద్దమనిషి పరువును, అదీ ఆయన కన్నుమూసిన ఏడాదికి, గోడకెక్కించి మేకు కొట్టిన ఘనుణ్ణి నేను. ఆ పెద్దమనిషి మా సొంత తాత కాబట్టి సరిపోయింది గానీ, పరాయివాడయి ఉంటే నేనీ కథ జైలులో కూర్చుని రాయాల్సి వచ్చేది.

మా జిల్లా మైసూరు రాష్ట్రంలో ఉన్న రోజులవి. రాష్ట్రానికి కర్ణాటక అన్న పేరు ఇంకా రాలేదు. నాకు మీసం వచ్చింది, బుద్ధి వెనకాల వస్తోందని ఇంట్లో వాళ్ళు ఆశతో ఎదురుచూస్తున్నారు.

మా తాత దావీదయ్య బడిలో డ్రిల్లు మాస్టరు. నిజాం కాలంలో ఉద్యోగంలో చేరిన మనిషి కాబట్టి పిల్లల్ని నిటారుగా నిలబెట్టాలంటే "హోషియార్!" అని అరిచేవాడు. వదిలేయాలంటే "ఆరామ్!" అనేవాడు. రాజ్యాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, బడిలో అరవాల్సిన మాటలూ మారాయి. ఆయన గొంతు మాత్రం మారలేదు. ఆయన హోషియార్ అంటే పిల్లలే కాదు, బడి గోడ మీది పిల్లి కూడా తోక దించి నిలబడేదని చెప్పుకునేవారు. పిల్లి సంగతి నేను చూడలేదు గానీ మా నాయిన అన్నం తింటూ తింటూ లేచి నిలబడటం మాత్రం కళ్ళారా చూశాను.

అటువంటి మనిషికి ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. ఉన్నదల్లా బడి పంతుళ్ళందరూ కలిసి తీయించుకున్న గ్రూపు ఫోటో. తాత పొడగరి కాబట్టి చివరి వరుసలో నిలబెట్టారు. ఆయన ముందున్న లెక్కల పంతులు తలకు చుట్టిన రుమాలు గోపురమంత లేచి, తాతను గడ్డం దాకా కప్పేసింది. తాత నెత్తిన రుమాలు, దాని కింద ముఖం, అంతే. మిగతా తాతంతా లెక్కల పంతులు వెనకాలే ఉండిపోయాడు.

ఏడాది తిరిగి ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెట్టుకునే ముందు, మా అవ్వ ఎస్తేరమ్మ ఆ గ్రూపు ఫోటో చేతిలో పట్టుకుని మా నాయినను పిలిచింది.

"కూడిక నాటికి మీ నాయిన ఫోటో గోడకుండాలె. నిలవడ్డ ఫోటో."

"ఇండ్ల ముఖమే ఉన్నది గదనే అమ్మ. ముఖాన్నే పెద్దగ జేపిద్దాం."

"ముఖమెందుకురా నాకు? ముఖం యాదికి లేదా? ఆఖరి నెలలన్ని మంచం మీదనే సూసిన ఆయనను. మంచం మీదనే తినవెట్టిన, మంచం మీదనే కడిగిన. ఇప్పుడు కండ్లు మూస్తె మంచమే కనవడ్తది. జన్మంత నిలవడ్డ మనిషి. ఒక్కపారి నిలవడ్డోన్ని సూడాలె నేను."

 ఊరి నడిమి చౌబారా బురుజు దగ్గర కొత్తగా ఫోటో స్టూడియో పెట్టుకున్న కరీం భాయ్‌ని పిలిపించారు. కరీం భాయ్ చిన్నప్పుడు తాత చేతి కింద డ్రిల్లు చేసినవాడే. గ్రూపు ఫోటోను వెలుతురులో పట్టి చూసి, "అయితది అమ్మా" అన్నాడు. "ముఖం దీన్ల నుంచి తీసి పెద్దగ జేస్త. కింద శరీరానికి మాత్రం ఎవరన్న నిలవడాలె. మాస్టర్ సాబ్ అంత పొడుగు, అంత సన్నం ఉండాలె. ఆయన కోటే తొడగాలె. ఫోటో దీసి, తల దగ్గర మాస్టర్ సాబ్ ముఖం అతికిచ్చి, బ్రష్షుతోని సాఫ్ జేసి, మళ్ళ ఫోటో దీస్త. ఎవరు గుర్తువట్టరు."

ఇదేం వింత అనుకోకండి. ఆ రోజుల్లో మా వైపు ఇది మామూలే. బతికుండగా ఫోటో దిగని పెద్దలు చనిపోయాక తమ్ముడి భుజాలు, అల్లుడి కాళ్ళు అరువు తెచ్చుకుని దర్జాగా గోడకెక్కేవారు.

"మా సామేలుగాడు ఉన్నడు గద" అంది అవ్వ నన్ను చూపించి. "ఎనుక నుంచి సూస్తె అచ్చం తాతనే."

"ముందు నుంచి సూస్తెనే బాధ" అన్నాడు మా నాయిన.

నన్నెంచుకున్నారని తెలియగానే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నా మెడకాయ మీది తలకాయను వద్దన్నారని, కావలసింది మెడకాయ ఒక్కటేనని అప్పుడు తోచలేదు. అవ్వ పెట్టె తెరిచి తాత నల్ల ఉన్నికోటు, తెల్ల ప్యాంటు తీసింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. కోటు నాకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. తాత బూట్లు మాత్రం పట్టలేదు. నా మొనదేలిన బూట్లే వేసుకుంటానన్నాను. మూతి చూసుకుని మురిసిపోయేంత మెరుగు పెట్టిన బూట్లవి.

అవ్వ నన్ను వాకిట్లో నిలబెట్టి పాఠం మొదలుపెట్టింది.

"మడిమెలు రెండు కలువాలె. పాదాలు ముందర జర ఇడిగ. సేతులు తొడలకు ఆనాలె. రొమ్ము ముందుకు. గడ్డం పైకి…"

"గడ్డం నాది కాదు గదనే అవ్వ."

"నోరు ముయ్యి. నోరు గూడ నీది కాదు."

నిలబడ్డాను. అవ్వ నా చుట్టూ తిరిగి చూసి, కోటు వెనక ముడత సర్ది, "గట్లనే. గట్లనే నిలవడాలె ఫోటోల. యాదికుంటద?" అంది. ఉంటుందన్నాను. ఉండేదే, దారిలో నర్సింగ్ తగలకపోతే.

నర్సింగ్ నా జిగ్రీ దోస్తు. రోజూ కమఠాణ నుంచి సైకిలు తొక్కుకుంటూ బీదరుకు టైపు నేర్చుకోవడానికి వచ్చేవాడు. టైపు కంటే సినిమా పోస్టర్లను శ్రద్ధగా చదివేవాడు. హీరో ఎట్లా నిలబడ్డాడన్నదాని మీద వాడికున్న పాండిత్యం పెద్ద పెద్ద స్వాములకు శాస్త్రాల మీద ఉండదు. నేను చేతిలో కోటుతో స్టూడియోకు పోతూ సంగతి చెప్పగానే సైకిలు దిగాడు.

"ఎట్ల నిలవడమన్నరు?"

"హోషియార్‌ల."

"థూ! మొగోడు సక్కగ నిలవడ్తడారా ఫోటోల? సక్కగ నిలవడేది పోలీసోడు, కాకపోతె దొంగతనం జేసి దొరికినోడు. హీరో అన్నోడు దేనికన్న ఆనుకుంటడు. చెట్టుకన్న ఆనుకోవాలె, స్తంభానికన్న ఆనుకోవాలె, మోటారుకన్న ఆనుకోవాలె."

"ఇవేవి లేకపోతె?"

"ఇగ తనకు తనే ఆనుకోవాలె. ఒక సెయ్యి నడుముల వెట్టాలె. ఒక కాలు ఇంకో కాలు మీదికెళ్ళి అడ్డం దెచ్చి, బూటు మొన భూమికి ఆనియ్యాలె. నడుము జర పక్కకు… అరే జర అంటె జరనే, పడిపోతవ్!"

నడి బజారులో, మనుషులు చూస్తుండగా, వాడు నాకు నడుము పక్కకు వేయడం నేర్పించాడు. ఇద్దరు ముసలివాళ్ళు ఆగి, ఆ పిల్లగాడికి కడుపునొప్పా అని అడిగి పోయారు.

"అది సరేరా, ముఖం తాతది పెడ్తరు. నిలవడ్డది నేనని ఎవరికి తెలుస్తది?" అన్నాను.

"తెలిసినోళ్ళకు తెలుస్తది. కూడికకు మీ చర్చి పాటల గుంపు వస్తదా లేదా? ఆ నిలవడ్డదెవరు, ఆ ఇస్టైలు ఎవరిది అని ఆడపిల్లలు అడుగుతరా లేదా?"

పాఠకులారా, ఇక్కడ ఆగి నా తెలివిని కాస్త మెచ్చుకోండి. చనిపోయిన తాత ఫోటోలో తల లేకుండా నిలబడి, ఆ మొండెంతో పాటల గుంపు అమ్మాయిల మనసు దోచుకోవాలన్న పథకం ఈ భూమి మీద నాకంటే ముందు ఎవడికీ తట్టి ఉండదు. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. ఈ కోతికి వనం దొరకలేదు, తాత దొరికాడు.

స్టూడియోలో వెనక పరదా మీద కొండలు, సరస్సు, మేడమెట్లు ఉన్నాయి. బీదరులో పుట్టి పెరిగిన ఎవరికీ ఆ సరస్సు ఎక్కడిదో తెలియదు. అయినా ఊళ్ళో సగం మంది దాని ఒడ్డునే ఫోటో దిగారు. కరీం భాయ్ నల్ల గుడ్డ కింద తల దూర్చి, మళ్ళీ బయటికి తీశాడు.

"నడుముకేమైంది మియా? నొప్పా?"

"నొప్పి లేదు భాయ్. పోజు."

"మాస్టర్ సాబ్ ఫోటో ఇది. సక్కగ నిలవడు. అమ్మ ఎట్ల జెప్పింది?"

అప్పుడైనా నిజం చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు. కానీ అప్పటికే నా బూటు మొన నేలకు ఆనింది. చెయ్యి నడుముకెక్కింది. అద్దంలో చూసుకుంటే మెడ కింద నాకు నేనే ముద్దొస్తున్నాను. నోటికి ఒక అబద్ధం వచ్చింది, దాన్ని ఆపే మనిషి లోపల ఎవరూ లేరు.

"అవ్వనే గిట్ల నిలవడుమన్నది భాయ్. మీకు బడిల తాతనే తెలుసు. బడిలనే హోషియార్. ఇంట్ల ఎప్పుడు గిట్లనే నిలవడ్తుండె. ఇంట్లంత ఆరామే."

కరీం భాయ్ కళ్ళు పెద్దవి చేసుకున్నాడు. చిన్నప్పుడు తాత చేతి బెత్తం తిన్న మనిషి. "అచ్ఛా!" అన్నాడు మెల్లగా. "మమ్ములను ఎండల నిలవెట్టి, ఇంటికి వొయ్యి ఆయన గిట్ల నిలవడ్తుండెనా! సరే మరి. హిల్నా నక్కో! కదిలితె మీ తాత కదుల్తడు!"

క్లిక్కుమంది.

కూడిక రోజు పొద్దున నేనే పోయి ఫోటో తెచ్చాను. కాగితం చుట్టి, దారం కట్టి ఇచ్చాడు. దారిలో ఆత్రం ఆగక కింది మూల కాగితం కొంచెం చించి చూశాను. బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. కాలు మీద కాలు ఎంత ఒయ్యారంగా పడిందో! ఇంకా కొంచెం చించాను. నడుము, నడుము మీద చెయ్యి, చేతికున్న నా గడియారం. ఆహా అనుకున్నాను. పైన ఏముందో చూడాలని నాకు తోచనే లేదండీ. నాకు కావలసింది మెడ దాకానే కదా.

మంగల్‌పేటలో మా ఇల్లు ఆ సాయంత్రం మనుషులతో నిండిపోయింది. సంఘం వాళ్ళు, చుట్టాలు, నౌబాద్ నుంచి, బసవకళ్యాణ్ నుంచి తాత దగ్గర చదువుకున్న వాళ్ళు వచ్చారు. వాళ్ళలో గుమాస్తాలున్నారు, కండక్టర్లున్నారు, మెడలో ఈలతో వచ్చిన పోలీసు జవాను ఒకాయన ఉన్నాడు. ఫోటోను ఎవరికీ చూపకుండా నేనే గోడకు తగిలించి, అవ్వ తన తెల్లచీర కొంగు చించి ఇస్తే మీద పరదా వేశాను; అప్పుడు కూడా నా చూపు మెడ దాటి పైకి పోలేదు. అవ్వ అద్దాలు తుడిచి పెట్టుకుని, సరిగ్గా ఎదురుగా చాప మీద కూర్చుంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. "సూసినంకనే తింట" అందట.

పాస్టరయ్యగారు లేచి ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో మా నాయినకు సైగ చేశారు. మా నాయిన పరదా తీశాడు.

"ప్రభువా, జీవితకాలమంతా నీ ఎదుట నిటారుగా నిలిచిన నీ దాసుడు…" అంటూ కళ్ళు తెరిచిన అయ్యగారు అక్కడే ఆగిపోయారు. దగ్గారు. మళ్ళీ "నిటారుగా…" అన్నారు. మళ్ళీ దగ్గారు. ప్రార్థనకు అక్కడి నుంచి ముందుకు దారి లేదు.

పైన మా తాత ముఖం. గ్రూపు ఫోటో నాటి ముఖం. ఎండలో వంద మంది పిల్లల్ని నిలబెట్టి, వాళ్ళలో ఎవడో కదిలాడని కనిపెట్టిన ముఖం. రుమాలు కింద కనుబొమ్మలు ముడిపడి, దవడలు బిగుసుకుని, ఇప్పుడే హోషియార్ అని అరవబోతున్నట్టు ఉంది. ఆ గడ్డం కింద, చెయ్యి నడుము మీద వేసుకుని, నడుము పక్కకు వంచి, కాలు మీదికి కాలు తెచ్చి, మొనదేలిన బూటు కొసతో నేలను సుతారంగా తాకుతూ ఒక సోకులరాయుడు. వెనక కొండలు, సరస్సు.

పోలీసు జవాను ముఖం చూడగానే అలవాటు కొద్దీ మడమలు టప్పుమని కలిపి సలాం కొట్టాడు. ఆయన చూపు మెల్లగా కిందికి దిగింది. నడుము దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నుదుటి దగ్గరే ఆగిపోయింది. దించాలో ఉంచాలో తెలియక పక్కనున్న కండక్టరును అడిగాడు.

"ఏం జేద్దాం అన్న? ముఖం హోషియార్ అంటుంది, నడుము ఆరామ్ అంటుంది."

అంతే! పాటల గుంపులో నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఇల్లంతా కట్ట తెగింది. పాస్టరయ్యగారు బైబిలుతో ముఖం కప్పుకున్నారు, ఆయన భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. ఆ శైలి ఎవరిదో ఆడపిల్లలు కూడా వెంటనే కనిపెట్టేశారు. నర్సింగ్ అన్నమాట అక్షరాలా నిజమైంది.

అవ్వ ఒక్కతే నవ్వలేదు. లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. అద్దాలు పైకెత్తి ముఖం చూసింది, దించి నడుము చూసింది.

"కరీమూ" అంది. "ఎవరి నడుమురా ఇది?"

కరీం భాయ్ చెమటలు కక్కుతూ ముందుకొచ్చాడు. "అమ్మా, నా తప్పు లేదు. నేనడిగిన. మీరే గిట్ల నిలవడుమన్నరని మీ సామేలే జెప్పిండు. మాస్టర్ సాబ్ బడిలనే హోషియార్ గాని ఇంట్ల గిట్లనే నిలవడ్తుండెనట…"

"ఇంట్ల గిట్ల నిలవడ్తుండెనా?"

"గట్లనే జెప్పిండమ్మా."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. నేను తలుపు వెనక్కి తప్పుకునే లోపల మా నాయిన నా రెక్క పట్టుకున్నాడు. "వీన్ని ఇయ్యాల…" అని పళ్ళు కొరికి, రెండో చేత్తో ఫోటో దించబోయాడు.

"దించకు" అంది అవ్వ. "వాన్ని గూడ ఏమనకు."

ఆ మెత్తని గొంతు వినగానే నాకు నాలుగు దెబ్బలు తిన్నా బాగుండేదనిపించింది. అవ్వ లోపలికి పోయి ఉన్నికోటు పట్టుకుని వచ్చింది.

"తొడుక్కో."

"అవ్వ, ఎండకాలం… ఉక్కపోస్తది…"

"తొడుక్కో అంటి."

తొడుక్కున్నాను. అవ్వ నన్ను ఫోటో పక్కన గోడకు నిలబెట్టింది.

"నేను నిలవడ్డ మనిషిని సూడాలని అడిగిన. ఆ గోడ మీది మనిషి నిలవడలే, కూలవడ్తుండు. కూడిక అయ్యేదాంక నువ్వు నిలవడు. మడిమెలు కలుపు. సేతులు తొడలకు. ఊ! హోషియార్!"

అరవై దాటిన మా అవ్వ గొంతులో నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఇంట్లో ఉన్న తాత శిష్యులందరూ చాపల మీది నుంచి లేచి నిలబడ్డారు. పాస్టరయ్యగారు కూడా బైబిలు చంకలో పెట్టుకుని నిటారుగా అయ్యారు. అవ్వ వాళ్ళవైపు తిరిగి, "మీరు కూసోండి బిడ్డ. మీరెప్పుడో నేర్చుకున్నరు" అంది.

కూడిక మళ్ళీ మొదలైంది. పాట అయింది, ఇంకో పాట అయింది. పాస్టరయ్యగారు ఆ రోజు వాక్యాన్ని సాగదీసినంతగా తన జన్మలో సాగదీసి ఉండరు. నా మీద కక్షతోనే అని నా అనుమానం. ఉన్నికోటు లోపల నేను ఉడికిపోతున్నాను. కలరా ఉండల వాసనకు కళ్ళు మండుతున్నాయి. ఒక ఈగ వచ్చి నా ముక్కు మీద కూర్చుని, అది తన సొంత ఇల్లే అన్నట్టు కాళ్ళు రుద్దుకుంది. తలుపు దగ్గర నుంచి నర్సింగ్ వెధవ నడుము పక్కకు వేసి చూపిస్తూ ఏడిపిస్తున్నాడు. తాత శిష్యులు ఒక్కొక్కరే సాక్ష్యం చెప్పడానికి లేచి వస్తూ, ఫోటోకు దండం పెట్టాలో నాకు పెట్టాలో తేల్చుకోలేక మా ఇద్దరికీ మధ్యనున్న సున్నం గోడకు పెట్టి పోతున్నారు.

చివరికి పాదాలు తిమ్మిరెక్కాయి. ఇక చాలు, ఎవరు చూస్తారులే అని ఒక కాలు కొంచెం వదులు చేయబోతూ అవ్వ వైపు చూశాను.

అవ్వ వాక్యం వినడం లేదు. ఫోటోను చూడటం లేదు. నన్ను చూస్తోంది. మెడ పైన ఉన్నదాన్ని కాదు, కోటును, చేతుల్ని, కలిసిన మడమల్ని చూస్తోంది. అద్దాల కింది నుంచి కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. పెదవులు మాత్రం మెల్లగా నవ్వుతున్నాయి.  మంచం తప్ప ఇంకేమీ కనబడని కళ్ళకు ఒక్క మనిషిని నిలబెట్టి చూపించమని అడిగితే, నేను నా బూట్లు చూపించానే అని సిగ్గుతో చచ్చిపోయాను. వదులు చేయబోయిన కాలును ఎవరూ చెప్పకుండానే వెనక్కి తెచ్చుకున్నాను. ఈగ ముక్కు మీద ఉంటే ఉండనీ అనుకున్నాను.

ఆమేన్ అన్నాక అవ్వ లేచి నా దగ్గరికి వచ్చింది. కోటు బొత్తాం ఒకటి సర్దింది.

"సాలురా. సూసిన" అంది. "ఇగ అన్నం పెట్టుమను."

మర్నాడు నన్ను చెవి పట్టుకుని స్టూడియోకు తీసుకుపోయి తనే కెమెరా పక్కన నిలబడింది. అవ్వ "హోషియార్!" అని అరవగానే, నాతోపాటు నల్ల గుడ్డ కింద ఉన్న కరీం భాయ్ కూడా చేతులు తొడలకు ఆనించి బిగుసుకుపోయాడు. ఫోటో తీసే నాథుడు లేడు. అవ్వ మళ్ళీ "నువ్వు ఆరామ్‌రా కరీమూ" అని విడిపిస్తే గానీ క్లిక్కుమనలేదు. ఆ ఫోటోనే ఇప్పటికీ మా గోడ మీద ఉంది. ముఖమూ హోషియార్, నడుమూ హోషియార్.

మరి మొదటి ఫోటో ఏమైందంటారా? కరీం భాయ్ వృథా ఎందుకని దాన్ని తీసుకుపోయి స్టూడియో అద్దాల పెట్టెలో పెట్టాడు. వారం తిరగకుండా చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు వరస కట్టారు. "భాయ్, గా ముసలాయన నిలవడ్డట్టు నాకొకటి కొట్టు" అని అడిగేవాళ్ళు. మా నాయిన కోపంతో అది తీయించాలని బయలుదేరితే అవ్వ ఆపింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ, "ఉండనీరా. పోరగాండ్లకు నిలవడుడు నేర్పుడే ఆయన నౌకరి. పోయినంక గూడ జేస్తుండు" అంది.

అందుచేత, ఇది చదువుతున్న మీ అందరి ఎదుట కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. కెమెరా ముందు ఈ నడుము వంగదు. ఈ కాలు ఆ కాలి మీదికి పోదు. ఈ చెయ్యి ఈ తొడను విడిచి ఎక్కడికీ ప్రయాణం చేయదు. ఇంతవరకూ మాట తప్పలేదు. మా పెళ్ళి ఫోటో చూసిన ప్రతిసారీ మా ఆవిడ అడుగుతుంది: "పక్కన పెండ్లిపిల్ల నిలవడ్డది, జర నా దిక్కు వంగితె ఏం వొయ్యేది? పెండ్లి జేసుకున్నరా, జెండకు సలాం కొట్టిన్రా?"

నేను జవాబు చెప్పను. హోషియార్‌లో ఉన్నవాడు మాట్లాడకూడదు.